సంచిలో రాయి

"సంచిలో రాయి ఉండాదా అవ్వా?"

"ఉండాది. థాంక్స్ చెప్పను, పో!"

మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్నది అంతే. నేను ఖతార్‌లో, ముఐథర్ పేటలోని ఇంట్లో, వంటగదిలో ఉల్లిపాయలు కోసుకుంటూ ఫోను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకున్నాను. ఆమె వాళ్ల దేశం ఎస్తోనియాలో, నాటకశాల లోపలి గదిలో, చుట్టూ బల్బులున్న అద్దం ముందు కూర్చుని మొహానికి రంగు పూసుకుంటోంది. తలకు చిరిగిన గుడ్డ కట్టింది. ముక్కు ఎర్రగా చేసుకుంది. చలిలో వణికే ముసలమ్మ వేషం. నా మాట విని పక్కనున్న గోనెసంచి ఎత్తి ఊపింది. లోపల మట్టికుండకు రాయి తగిలి టక్కుమంది. ఆ జవాబు తెలుగులోనే చెప్పింది, మా కడప యాసలోనే చెప్పింది, ఫోను పెట్టేసింది. పెద్ద పెద్ద వీడ్కోళ్లు ఆమెకు చేతకాదు. అవన్నీ స్టేజీ మీదే ఖర్చుపెట్టేసింది.

ఆ రోజు నాటకం ఆడింది. జనం పూలిచ్చారు. ఇంటికి వెళ్లి, పూలన్నీ బకెట్లో నీళ్లు పోసి పెట్టి పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆమె కూతురి ఇంట్లోనే నేను పనిచేస్తున్నాను. ఆమె కూడా కొన్నాళ్లు అక్కడే ఉండి వెళ్లింది. కూతురు వెళ్లి, జరగాల్సినవన్నీ జరిపించి, తిరిగి వచ్చి ఆ రాయి నా చేతిలో పెట్టింది. "అమ్మతో కలిసి నటించినవాళ్లంతా తలా నాలుగు మాటలు రాసి ఇస్తున్నారు. నాటకశాల గోడకు పెడతారు. నువ్వు కూడా రాయాలి. నీ భాషలోనే," అంది మేడమ్.

నేనా? నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద నంబరు పోల్చుకోవడం వచ్చు. అందుకని సెలవు పూట ఉమ్ ఘువైలినా పేటకు, మా అక్క కూతురు శైలజ గదికి వచ్చాను. ఇది ఇక్కడ పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తుంది. నేను చెప్తాను, ఇది రాస్తుంది. ఎక్కడ ఏడుస్తానో అని నా మొహమే చూస్తోంది పిల్ల. ఏడవనే. ఆమెను తలుచుకుంటే నవ్వు ఆగదు నాకు.

ఆమె పేరు పెద్దది. వాళ్ల దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసట. గోడ మీద ఎట్లాగూ రాసి ఉంటుంది కాబట్టి ఇక్కడ వద్దు. నేను మాత్రం అవ్వా అన్నాను. మా వైపు జుట్టు తెల్లబడ్డ ఆడమనిషి ఎవరైనా అవ్వే. అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. "ఈ వేషం నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు," అని చాలా సంతోషపడింది.

మా ఇద్దరి మధ్య భాష ఏమిటంటే చెప్పడం కష్టం. ఆమెకు కొంచెం ఇంగ్లీషు. నాకు అరబ్బుల ఇళ్లలో పట్టుబడిన మూడు ముక్కలు, పదమంటే యల్లా, లేదంటే మాఫీ, అయిపోతే ఖలాస్. మిగతాదంతా చేతులు, కళ్లు, గరిటె. ఇప్పుడు నేను చెప్తుంటే ఆమె మాటలన్నీ తెలుగులోనే వస్తున్నాయి. నాకు అట్లాగే గుర్తున్నాయి మరి.

ఆమె గదిలోకి అందరిలా వచ్చేది కాదు, ప్రవేశించేది. వంటగది గుమ్మం దగ్గర ఆగేది. గుండె నిండా గాలి పీల్చేది. భుజాలు దించేది. అప్పుడు లోపల అడుగు పెట్టేది. కాఫీకి వచ్చినా అంతే, చెంచాకు వచ్చినా అంతే. మొదట్లో మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను.

"ఏమవ్వా, కాళ్లు పట్టుకుంటాండాయా?"

"కాళ్లకేం, గుర్రం కాళ్లు! గుమ్మానికి అవతల ఒక మనిషి, ఇవతల ఇంకో మనిషి. మారడానికి కాస్త టైం ఇవ్వాలి."

"కాఫీకొచ్చే మనిషికి గూడానా?"

"కాఫీకొచ్చే మనిషికి ఇంకా ఎక్కువ టైం ఇవ్వాలి."

వచ్చిన కొత్తలో ఆమెకు ఇక్కడి తిండి సహించలేదు. మేడమ్ తెచ్చే తెల్ల బ్రెడ్డును వేలితో నొక్కి, దూది అనేది. వాళ్ల రొట్టె నల్లగా, బరువుగా, కాస్త పుల్లగా ఉంటుందట. ఒక మధ్యాహ్నం నేను నాకోసం రాగి సంగటి కెలుక్కుని, చెనక్కాయల పచ్చడి వేసుకుని నేల మీద కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఆగింది, గాలి పీల్చింది, ఈసారి భుజాలు దించడం మరిచిపోయి నేరుగా వచ్చి నా పక్కన కూలబడింది. నల్లటి ముద్దను చూసి, పోయిన చుట్టం ఎదురైనట్టు మొహం పెట్టింది. కొంచెం తుంచి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది.

"సంగటి నమలకూడదవ్వా, మింగల్ల."

"మింగితే రుచి ఎట్లా తెలుస్తుంది?"

"గొంతుకు తెలుస్తాది."

మింగింది. పచ్చడి కారం ఎక్కింది. రెండు కళ్ల నుంచీ బొటబొటా నీళ్లు. తుడుచుకుంటూ, "ఇవి లెక్కలోకి రావు. ఊరికే వచ్చాయి," అంది. అప్పుడు చూపించింది తన విద్య. "ఏ కన్ను కావాలి?" అని నన్నే అడిగింది. ఎడమది అన్నాను. నా వైపు చూస్తూ ఉంది, చూస్తూ ఉంది, ఎడమ కంటి నుంచి ఒకే ఒక్క చుక్క, చెంప మధ్యదాకా వచ్చి ఆగింది. కుడికన్ను ఎడారిలా ఎండిపోయి ఉంది. నేనూ ప్రయత్నించాను. ఏడుపు రాలేదు, తుమ్ము వచ్చింది.

నా గొంతంటే ఆమెకు ప్రాణం. నా గొంతు సంగతి తెలిసిందే కదా, గరుకు. రాయచోటి సంతలో టమోటాలమ్మి అరిచి అరిచి సగం పోయింది. మా ఆయన పోయినప్పుడు మిగతా సగం పోయింది. ఊళ్లో నన్ను పలకరించినవాళ్లు జలుబు చేసిందా అని అడుగుతారు. ఈమె మాత్రం నేను కూరగాయలబ్బాయితో బేరమాడుతుంటే కళ్లు మూసుకుని వినేది. "ఈ గొంతు కోసం మా దగ్గర ఆడపిల్లలు సిగరెట్లు తాగి పాడైపోయారు. నీకు దేవుడు ఊరికే ఇచ్చాడు," అనేది. ఊరికే కాదవ్వా అని చెప్పాను. మా ఆయన సంగతి చెప్పాను. విని, ఏ కంటా నీళ్లు తెచ్చుకోలేదు. నా గొంతు మీద వేలు పెట్టి, "అయితే ఇది ఖరీదైనది. జాగ్రత్తగా వాడు," అంది.

మంచు దేశం మనిషి కదా, ఇక్కడి ఎండకు భయపడుతుందనుకున్నాను. మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి, చేతులు రెండూ చాచి నిలబడేది. కిందికి రమ్మని నేను అరిచేదాన్ని. "లైటు నా మీద ఉండగా ఎట్లా వస్తాను?" అనేది. ఈ దేశంలో లైట్లు వేసేవాడు చాలా మంచివాడనీ, ఒక్కరోజు కూడా డ్యూటీ ఎగ్గొట్టడనీ మెచ్చుకునేది.

"ఇంతకీ ఎన్నిసార్లు సచ్చినావవ్వా నువ్వు?" అని అడిగాను ఒకసారి, పప్పు ఏరుకుంటూ. నాటకాల్లో, సినిమాల్లో అని నా ఉద్దేశం. వేళ్లు మడవడం మొదలుపెట్టింది, వేళ్లు చాలలేదు. నీళ్లలో మునిగి, తుపాకీ దెబ్బకు, జ్వరంతో, మెట్ల మీంచి జారి. ఒకసారి వట్టి కోపంతో.

"కోపంతో సస్తారా యాడన్నా?"

"చూడు," అని లేచింది. ఎవరినో వేలెత్తి బెదిరించింది. మొహం కందిపోయింది. మాట సగంలో తెగిపోయింది. ఫ్రిజ్‌కు ఆనుకుని జారుతూ జారుతూ వచ్చి నేల మీద వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను పప్పు చేట పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. సరిగ్గా అప్పుడు ఆఫీసు నుంచి మేడమ్ వచ్చింది. కన్నతల్లి నేల మీద, పనిమనిషి పక్కనే కూర్చుని పగలబడి నవ్వుతోంది. మేడమ్ వేసిన కేకకు పక్కింటి సూడానీ ఆయన పరిగెత్తుకొచ్చాడు. నేల మీది మనిషి ఒక్క కన్ను మాత్రం తిప్పి కూతుర్ని చూసింది.

"గుమ్మం దగ్గర ఆగకుండా వచ్చావు. మళ్లీ వెళ్లి రా."

శైలజా, ఏషియన్ టౌన్ సినిమాహాలు సంగతి రాద్దాం. నువ్వే కదా టికెట్లు తీసింది.

మన సినిమా చూస్తానని పట్టుబట్టింది. ముగ్గురం పోయాం. హాలు నిండా కూలీల క్యాంపుల నుంచి వచ్చిన మగవాళ్లే. ఆ రోజు అందరికీ సెలవు. హీరో వచ్చాడో లేదో, చెవులు చిల్లులు పడేలా ఈలలు, చించిన కాగితాలు గాల్లోకి. ఈమె దిగ్గున లేచి నిలబడింది. వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దు అంటోంది. వాళ్ల నాటకశాలలో ఎవరూ ఈల వేయకూడదట, వేస్తే నటించేవాడికి కీడు జరుగుతుందట. పాపం, తెర మీది హీరోను కాపాడాలని ఆమె తాపత్రయం.

వెనక సీటు అబ్బాయి, తెలంగాణ పిల్లవాడు, నన్ను గోకాడు. "ఏమంటున్నదక్కా గామె?"

"ఈల ఎయ్యద్దంటాంది నాయనా. హీరోకు మంచిది కాదంట."

"ఎయ్యకుంటె ఎట్లనే? మనం వచ్చినమని ఆయనకెట్ల తెలుస్తది?"

ఆ మాట ఆమెకు చెప్పాను. కూర్చుంది. ఇంటర్వెల్‌లో ఆ అబ్బాయినే పిలిచి, నోట్లో రెండు వేళ్లు ఎట్లా పెట్టాలో నేర్చుకుంది. రెండో సగంలో ఆమె ఈలకు ముందు వరసలు వెనక్కి తిరిగి చూశాయి. తెల్లజుట్టు చూసి చప్పట్లు కొట్టారు. అవునా కాదా?

"అవును చిన్నమ్మా. టాక్సీలో గూడా ఏసింది. డ్రైవరు బండి ఆపినాడు."

ఆ సాయంత్రం మిద్దె మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పింది, అసలు ఇక్కడికి ఎందుకొచ్చిందో. అంతకు ముందు ఏడాది ఒక నాటకంలో మాట మరిచిపోయిందట. తెర చాటున కూర్చుని మాటలందించే ఆమె అందించిందట. "వినపడింది. కానీ నోటి దాకా రాలేదు. నిలబడ్డాను. జనం దగ్గలేదు, కదల్లేదు, అందరూ నా కోసం ఊపిరి బిగబట్టారు. ఆ జాలి చూసి ఖలాస్ అనుకున్నాను." రంగు డబ్బా ఎవరికో ఇచ్చేసి, కూతురి దగ్గరికి వచ్చేసింది. నవ్వుతూనే చెప్పింది గానీ, చేతిలోని కాఫీ తాగకుండానే చల్లారిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు వాళ్ల దేశం నుంచి ఫోను. చిన్న నాటకం, ఇద్దరే ముసలివాళ్లు, ఒక వేషం నువ్వే వెయ్యాలని. ఆమె వంటగదిలోకి వచ్చిన తీరు చూడాలి. గుమ్మం దగ్గర ఆగనే లేదు.

మేడమ్ ఒప్పుకోలేదు. వాళ్ల భాషలో గట్టిగట్టిగా వాదించుకున్నారు. మాటలు తెలియకపోయినా తల్లీకూతుళ్ల పోట్లాట ఏ భాషలోనైనా తెలుస్తుంది. తర్వాత మేడమ్ నా దగ్గరికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వైనా చెప్పు. పోయినసారి అమ్మ అట్లా నిలబడిపోయినప్పుడు నేను మొదటి వరసలో ఉన్నాను. ఇంకోసారి చూడలేను. ఆమె మాత్రం తట్టుకుంటుందా?"

మేడమ్‌ది తప్పని అనలేను. చివరికి తనే ఒక దారి చెప్పింది. వచ్చే శుక్రవారం స్నేహితులు భోజనానికి వస్తారు. వాళ్ల ముందు, ఈ హాల్లోనే, కాగితం చూడకుండా ఒక్క ఘట్టం ఆడి చూపించాలి. ఆడితే వెళ్లొచ్చు. మాట ఆగితే ఇక ఆ ఊసే ఎత్తకూడదు. అవ్వ సరే అంది. చెయ్యి చాచి కూతురితో చెయ్యి కలిపింది.

రెండో ముసలమ్మ ఎవరు? ఇంకెవరు, నేనే.

"నాకు చదువు రాదవ్వా!"

"మంచిది. కాగితం వైపు చూడవు, నా వైపే చూస్తావు."

కథ తేలికే. సముద్రం మధ్య దీవి. చలికాలం, నీళ్లు గడ్డకట్టి పడవలు ఆగిపోయాయి. ఇరుగుపొరుగు ముసలమ్మలు ఇద్దరే మిగిలారు. ఎప్పుడో ఒక బాతును ఎవరు కోసుకు తిన్నారో తేలక మాటలు మానేశారు. ఇప్పుడు ఒకామె ఇంట్లో అగ్గిపెట్టె తడిసిపోయింది, పొయ్యి ఆరిపోయింది. సంచిలో కుండ పెట్టుకుని పక్కింటికి నిప్పు కోసం వస్తుంది. రెండో ఆమె గుమ్మంలోనే నిలబెడుతుంది. నిలబెట్టాల్సింది నేను.

"ఇది మా ఊరి కథే. శుక్రవారం పూట మేమూ ఇయ్యం నిప్పు," అన్నాను. శుక్రవారం పొయ్యిలో నిప్పు, ఇంట్లో ఉప్పు బయటికిస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా అత్త చంపేది. అవ్వ ఎగిరి గంతేసింది. "అదే చెప్పు! నీకు ఏమనిపిస్తే అది, నీ భాషలో తిట్టు. నేను నా భాషలో అడుగుతాను. నా గొంతు కిందికి దిగిందంటే నీ వంతు."

వారమంతా అదే పని. నేను అంట్లు తోముతుంటే వచ్చి నిప్పు అడిగేది. బట్టలు ఆరేస్తుంటే వచ్చి నిప్పు అడిగేది. నేను మా తోడికోడలిని తలుచుకుని తిట్టేదాన్ని. మా తోడికోడలు కూడా ఒకసారి నా కోడిని తినేసింది లెండి. ఒకరోజు ఆమె చేతిలోంచి నాటకం కాగితాలు జారి నేల మీద పడ్డాయి. తీసి ఇవ్వబోయాను. "ముట్టుకోకు!" అని అరిచి, వచ్చి వాటి మీద చతికిలబడింది. కాగితాలు కిందపడితే వాటి మీద కూర్చుని లేవాలట, లేకపోతే మాటలు పారిపోతాయట. లేవడానికి నడుము పట్టేసింది. ఇద్దరం కలిసి లేచేసరికి మాటల సంగతేమో గానీ మా ప్రాణాలు పారిపోయాయి.

గురువారం సాయంత్రం అడిగింది, రేపు నన్ను ఏమని దీవిస్తావని. మంచి జరగాలి అన్నాను. అట్లా కాదట. వాళ్ల వైపు వేటకు, చేపలకు పోయేవాళ్లకూ, స్టేజీ ఎక్కేవాళ్లకూ "సంచిలో రాయి" అని చెప్పి పంపుతారట. విన్నవాళ్లు థాంక్స్ చెప్పకూడదు, చెప్తే ఫలితం పోతుంది.

ఉత్త మాటే అని నాకేం తెలుసు? మా వైపు కొత్త లారీకి నిమ్మకాయ కట్టాలంటే కడతాం గానీ, 'నిమ్మకాయ' అని నోటితో చెప్పి ఊరుకుంటామా? పొద్దున్నే గేటు బయటికి పోయి, పక్కన ఇల్లు కట్టే చోట వెతికి, పిడికెడంత రాయి తెచ్చాను. ఇక్కడి రాయే, పసుపు తెలుపు కలిసినది, ఒక వైపు గరుకు. కడిగాను. పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆమె గోనెసంచిలో, కుండ పక్కన పెట్టేశాను. ఆమెకు చెప్పలేదు. చెప్పేది కాదేమో అనుకున్నాను.

భోజనాలయ్యాయి. సోఫాలు గోడకు జరిపారు. మేడమ్ మొదటి వరసలో కూర్చుంది, రెండు చేతులూ ఒళ్లో బిగించి. వడ్డనకు సాయం వచ్చిన శైలజ వెనక నిలబడింది. నేను హాలు మధ్యలో పీట వేసుకుని, ముందర కొవ్వొత్తి వెలిగించుకుని, ఆలుగడ్డలు చెక్కుతూ కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది.

ఆగింది. గాలి పీల్చింది. భుజాలు దించింది. అడుగు లోపల పెట్టేసరికి, ఒట్టు, ఈ ఎండల దేశంలో ఆ హాల్లో అందరికీ చలివేసింది. ఒకాయన కోటు గుండీ పెట్టుకున్నాడు.

ఆమె అడిగింది. నేను తిట్టాను. ఆమె బతిమాలింది. నేను బాతు సంగతి ఎత్తాను. జనం నవ్వుతున్నారు. అంతలో ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు.

నాకు వెంటనే తెలిసింది. గొంతు కిందికి దిగలేదు, అసలు లేవనే లేదు. కళ్లు ఖాళీ అయిపోయాయి. మేడమ్ చెయ్యి నోటి మీదికి పోయింది. నాకు ఆ మాట ఏమిటో తెలియదు, అందించలేను. వచ్చింది ఒక్కటే, తిట్టడం.

"ఏం ముసల్దానా, నోరు పడిపాయనా? నిప్పు కావాలంటే నోరు తెరిచి అడగల్ల! అందులోనూ ఈ పొద్దు శుక్రవారం!" అని చాకుతో ఆలుగడ్డల పళ్లెం మీద ఒక్కటిచ్చాను.

ఉలిక్కిపడింది. దిక్కు తోచక కుండ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. బయటికి తీసింది. కుండ కాదు, పసుపు రాసి బొట్టు పెట్టిన రాయి.

దాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్లీ దాన్ని చూసింది.

"ఏం చూస్తాండావ్? నువ్వే గదా చెప్పినావ్, సంచిలో రాయి అని! తెచ్చి పెట్టినా!"

ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత నవ్వు బయటికి వచ్చింది, చూడూ, ఆ ముసలమ్మ నవ్వు, చలికాలమంతా ఎవరితోనూ మాట్లాడని మనిషి నవ్వు. రాయి గుండెకు హత్తుకుని నవ్వుతూ నవ్వుతూ, ఆ నవ్వు మీదే పోయిన మాట అందుకుంది. ఒక మాట వెనక ఇంకో మాట, గొర్రెల మంద దారి దొరికినట్టు చివరి దాకా వచ్చేశాయి. చివర్లో నేను నిప్పు ఇవ్వాలి. కొవ్వొత్తి తీసి ఆమె కుండలో పెట్టాను. శుక్రవారం పూట! మా అత్త స్వర్గంలో తల బాదుకుని ఉంటుంది.

చప్పట్లు మొదలయ్యేలోపే వెనక నుంచి చెవులు పగిలే ఈల. ఆ ఈల ఎవరిదో రాసెయ్ శైలజా, సిగ్గుపడకు. అవ్వ తిరిగి చూసి నీకు దండం పెట్టింది.

మేడమ్ లేచి వచ్చి తల్లిని పట్టుకుంది. "మాట పోయింది కదమ్మా, నేను చూశాను," అంది.

"పోయింది. మళ్లీ వచ్చింది. చూశావా?"

"చూశాను," అంది మేడమ్. టికెట్ తనే తీసింది.

వచ్చినవాళ్లు తెచ్చిన పూలగుత్తి ఆమెకిస్తే, సగం తుంచి నాకిచ్చింది. నేను పూలు పెట్టుకోను, మా ఆయన లేడు అని సైగ చేశాను. "ఇవి నీ మొగుడి పూలు కావు, నీ వేషానివి," అంది. తల్లో పెట్టుకోలేదు గానీ పొయ్యి పక్కన గ్లాసులో పెట్టుకున్నాను. వాడేదాకా వంట చేస్తూ వాటికి నాటకంలో నా తిట్లు చెప్పి చూపించేదాన్ని.

రాయి ఆమెతోపాటు విమానం ఎక్కింది. అక్కడ నాటకం నేర్పే ఆయనకు మా హాల్లో జరిగింది చెప్తే, అది అట్లాగే ఉండాలన్నాడట. దాంతో ప్రతి ఆటలోనూ ముసలమ్మ నిప్పు కుండ కోసం చెయ్యి పెడుతుంది, రాయి వస్తుంది, జనం పడీ పడీ నవ్వుతారు. ముఐథర్‌లో ఇల్లు కట్టేవాళ్లు పారేసిన రాయి అది. నా వేషం వేసే ఆమెకు నా తిట్టు కూడా నేర్పించింది. "నోరు పడిపాయనా" అని ఆ మంచు దేశంలో ఒక తెల్లామె అరుస్తుంది. ఫోన్లో విన్నాను. యాస కొంచెం తేడా, పర్వాలేదు.

ఆట ఉన్నప్పుడల్లా నేను ఫోను చేయాలి, రాయి ఉందా అని అడగాలి, ఆమె థాంక్స్ చెప్పకూడదు. అదీ మా పద్ధతి. మాట మళ్లీ ఎప్పుడైనా ఆగిందా అని నేను అడగలేదు. ఆగినా భయం లేదని ఆమే చెప్పింది. చెయ్యి పెడితే రాయి ఉంటుంది కదా.

పడుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని పోయిందట. ఆ చావు నాకు చూపించలేదు. అన్ని చావులు చూపించింది, అదొక్కటి దాచుకుంది గడుసుది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు మేడమ్ తలుపు దగ్గర ఆగి, గాలి పీల్చుకుని, అప్పుడు లోపలికి పోయిందట. తల్లి చెప్పింది మొదటిసారి విన్నాను అంది.

ఇంతే. రాశావా?

"ఏషియన్ టౌన్‌ది, నా ఈలది గూడా రాసినా. ఉంచల్లా, తీసెయ్యల్లా?"

ఉంచు. అవ్వ వింటే ముందు ఆ ఈలే అడుగుతుంది. ఇప్పుడు మొదటి నుంచి చదువు, వింటాను. గొణక్కు, ఆఖరి వరసలో కూర్చున్నామెకు కూడా వినపడాలి. లేచి నిలబడి చదువు. ఆ గుమ్మం అవతలికి పోయి, కాస్త ఆగి, గాలి పీల్చుకుని లోపలికి రా.

ఆగాగు. నీ హ్యాండ్‌బ్యాగ్ ఇట్లా ఇయ్యి. ఇదిగో, ఈ రాయి లోపల వేస్తున్నా.

థాంక్స్ చెప్పొద్దే. ఊ, చదువు.